‘డైమండ్’ సాన సెట్ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

పండగ సీజన్‌లో పెట్టే ఎగ్జిబిషన్లలో, ఇంట్లోనే కత్తులు సానబెట్టుకునే ‘డైమండ్ సెట్’ అని ఒకటి అమ్ముతున్నారు. నీలం ప్లాస్టిక్ పెట్టెలో ఒక పలుచటి పలక, కత్తిని పెట్టి లాగే చిన్న పరికరం, కోణం కోసం ఒక క్లిప్పు ఉంటాయి. ఒంగోలులో నేను 1,499 రూపాయలు పెట్టి కొన్నాను. వీళ్ళు ఊరూరా తిరిగే వాళ్ళు. ఇవాళ ఒంగోలు అయితే రేపు కనిగిరి, ఎల్లుండి కావలి. దయచేసి కొనకండి. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే వాళ్ళు చూపించే డెమో చూస్తే ఎంత జాగ్రత్తపరులైనా నమ్ముతారు.

ముందు గాజు ముక్క తీసి దానిమీద పలక అంచుతో గీస్తారు. గీత పడుతుంది. "గాజును గీసేది వజ్రం ఒక్కటే కదమ్మా, ఇంకేం రుజువు కావాలి" అంటారు. ఇది పచ్చి అబద్ధం. గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ స్కేలు మీద మామూలు గాజు 5.5 దగ్గర ఉంటుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. ఎమరీ కాగితం మీద వాడే అల్యూమినియం ఆక్సైడ్ 9, వజ్రం 10. అంటే కొత్తపట్నం బీచ్‌లో గుప్పెడు ఇసుక తెచ్చి రుద్దినా గాజు మీద గీతలు పడతాయి. గాజు పరీక్ష వల్ల ఆ పలక మీద ఏదో గట్టి పొడి ఉందని తెలుస్తుందే తప్ప అది వజ్రమని తేలదు.

తర్వాత టమాటా. మొద్దు కత్తి అని చెప్పి ఒకదాన్ని ఆ చిన్న పరికరంలో మూడుసార్లు లాగి, టమాటాను కాగితం మందాన ముక్కలు కోస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు ‘అబ్బ’ అంటారు. నిజానికి ఆ పరికరంలో వి ఆకారంలో రెండు టంగ్‌స్టన్ కార్బైడ్ (ఉక్కుకన్నా గట్టి పదార్థం) ముక్కలు ఉంటాయి. అవి కత్తి అంచును నూరవు, గీకేస్తాయి. గీకినప్పుడు అంచు మీద సన్నటి ఇనుప పొర లేచి నిలబడుతుంది. టమాటా తోలును పట్టి కోసేది ఆ పొరే. అది గట్టిగా ఉండదు కాబట్టి చెక్క పీట మీద నాలుగు ఉల్లిపాయలు తరిగేసరికి మడతపడిపోతుంది, కత్తి మళ్ళీ మొదటికొస్తుంది. మళ్ళీ లాగుతాం, మళ్ళీ ఇనుము పోతుంది. ఇంట్లో ఆ పరికరం వాడాక కింద పరిచిన తెల్ల కాగితం మీద నల్లటి రజను కనిపించింది. ఫ్రిజ్ తలుపు మీది మాగ్నెట్ తెచ్చి ఆనిస్తే సన్నటి ఇనుప పీచులు దానికి మీసాల్లా అంటుకున్నాయి. కత్తిని కడగకుండా కూర తరిగితే అవన్నీ గిన్నెలోకే కదా. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మామూలు విషయం కాదు.

డెమో దగ్గర నిలబడితే ఒకటి అడగండి: "లాగిన తర్వాత కత్తి అంచును చెక్క మీద నెమ్మదిగా పదిసార్లు లాగి, అప్పుడు టమాటా కోసి చూపించండి." నిజంగా పదును పట్టిన కత్తికి ఇది లెక్కే కాదు. ఇంకా మంచిది, మన ఇంటి కత్తిని తీసుకెళ్ళి దానిమీదే చూపించమనండి.

ఇక ఆ ‘డైమండ్’ పలక సంగతి. అసలైన డైమండ్ ప్లేట్లలో వజ్రపు పొడిని ఉక్కు రేకు మీద నికెల్ పూతతో బిగిస్తారు. తేలిగ్గా వాడితే ఏళ్ళ తరబడి వస్తాయి. నాకిచ్చిన దాన్ని కొద్దిగా వాడేసరికే మధ్యలో పొడి మొత్తం రాలిపోయి రేకు తెల్లగా మెరుస్తోంది. వేలితో రాస్తే నల్లగా అంటుతోంది. పలకకు ఒకవైపు గరుకు నంబరు 400, ఇంకోవైపు 1000 అని పెట్టె మీద రాసి ఉంది, అంటే 1000 వైపు నునుపుగా ఉండాలి. చేత్తో తడిమితే రెండు వైపులా ఒకే గరుకు.

మా ఇంట్లో అసలు నష్టం జరిగింది కత్తిపీటకు. మా అత్తయ్య కాలం నాటిది, లారీ కమాను పట్టీతో కమ్మరి చేసింది. మా వైపు వంజరమైనా చందువ అయినా ఇంట్లో దానిమీదే కోస్తాం. "కత్తిపీటకు కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అని స్టాల్లో గట్టిగా చెప్పారు. వంపు ఉన్న బ్లేడుకు ఆ క్లిప్పు పట్టనే పట్టదు. వి ఆకారం పరికరం వంపు దగ్గర ఒక పక్కకు ఒరిగి, అంచు మీద పళ్ళు పళ్ళుగా గాట్లు పెట్టింది. ఇప్పుడు చేప ముక్క తెగడం లేదు, చిరుగుతోంది. అత్తయ్య ఏమీ అనలేదు గానీ ఆ అంచును వేలితో తడిమి చూసుకుంటుంటే నాకు చాలా బాధేసింది.

మరి ఇంట్లో సాన పెట్టుకోకూడదా అంటే, హాయిగా పెట్టుకోవచ్చు. హార్డ్‌వేర్ షాపులో రెండు వైపుల సానరాయి అడగండి. ఈ సెట్ ధరలో చిన్న వంతుకే వస్తుంది. ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు. నంబరు పెరిగేకొద్దీ నునుపు అని గుర్తుపెట్టుకోండి: అంచు విరిగినదానికి 400 లోపు, రోజువారీ పదునుకు 1000 సరిపోతుంది. రాయి కూడా వద్దనుకుంటే చీమకుర్తి దగ్గర్లో ఉండే మనకు ఇంకో సౌకర్యం ఉంది. పాలిష్ పట్టిన గ్రానైట్ ముక్క ఒకటి సంపాదించి, దానిమీద పెయింట్ షాపుల్లో దొరికే వాటర్ పేపర్ (తడిపి వాడే ఎమరీ కాగితం) తడిపి పరవండి. బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి నూరడానికి చక్కగా కుదురుతుంది. కాగితం మీద మాత్రం కత్తిని వెనక్కే లాగాలి, అంచు ముందుకు తోస్తే కాగితం తెగుతుంది.

కోణం కోసం క్లిప్పులేం అక్కర్లేదు. వంటింటి కత్తికి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు చాలు. కాగితం మూలను సగానికి మడిస్తే 45, మళ్ళీ సగానికి మడిస్తే 22 చిల్లర. దానికన్నా కొంచెం తక్కువ ఎత్తులో కత్తి పెట్టండి. అంచు పొడవునా మార్కర్ పెన్నుతో రంగు పూసి రెండుసార్లు నూరి చూడండి. రంగు అంచు దాకా పోతే కోణం కుదిరినట్టు, పైనే పోయి అంచు దగ్గర మిగిలితే కత్తిని ఇంకాస్త ఎత్తాలి. కత్తిపీటకైతే పీటను కదలకుండా పెట్టి రాయినే బ్లేడు మీద నడపాలి, వేళ్ళు రాయి అంచు దాటకూడదు. చివర్లో నునుపు పక్క మీద బరువు వేయకుండా రెండు వైపులా మార్చి మార్చి లాగితే ఆ లేచిన పొర పోతుంది. కడిగి, తుడిచి, ఇనుప కత్తి అయితే ఒక చుక్క నూనె రాయండి. మన ఉప్పుగాలికి తడి ఇనుము రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.

వీధిలో సాన పట్టేవాళ్ళకు ఇస్తే తప్పేం లేదు. మోటారు చక్రం మీద నీళ్ళు లేకుండా అదేపనిగా ఒత్తి, అంచు నీలం రంగుకు తిరిగితే మాత్రం అక్కడే ఆపించండి. ఆ రంగు వచ్చిందంటే వేడి 300 డిగ్రీల దాకా వెళ్ళినట్టు. కమ్మరి కాల్చి, చల్లార్చి తెచ్చిన గట్టిదనం అక్కడ పోతుంది. ఎంత నూరినా ఆ చోట పదును నిలవదు.

డబ్బులు వెనక్కి అడగడానికి వెళ్తే "ఎగ్జిబిషన్ సరుకు వాపసు తీసుకోం" అన్నారు. బిల్లు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అంతే. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ వివరాలు ఉండి తీరాలి. నా పెట్టె మీద ఎమ్మార్పీ స్టిక్కరు ఒక్కటే ఉంది.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నమోదైంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. ఇదే సెట్ కొన్నవాళ్ళు పెట్టెను పారేయకండి. నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఫోన్‌పేనో గూగుల్‌పేనో చేసిన పేమెంట్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. బిల్లు లేనప్పుడు కొన్నట్టు చూపించడానికి మన దగ్గర ఉండేది అదే.