వ్యాను ఎక్కనంటున్న గుర్రం: పగ్గమా, క్యారెట్ ముక్కా?

గుర్రం వేటకు గురయ్యే జంతువు. పారిపోవడమే దానికున్న ప్రధాన రక్షణ. అలాంటి జీవి చీకటిగా, ఇరుకుగా ఉన్న వ్యానును చూసి ఆగిపోతే అది మొండితనం కాదు, భయం. ఈ తేడా తెలియకే చాలామంది కొరడా అందుకుంటారు. చూస్తే బాధేస్తుంది.

అలాంటి గుర్రాన్ని ఎక్కించే రెండు పద్ధతులు చూద్దాం. మొదటి పద్ధతిలో పగ్గాన్ని కొద్దిగా బిగిస్తారు, గుర్రం ఒక్క అడుగు ముందుకు వేయగానే వదిలేస్తారు. గుర్రానికి పాఠం చెప్పేది బిగింపు కాదు, అది సడలిన ఆ క్షణం. వదలడం కాస్త ఆలస్యమైతే ఏ పని చేసినందుకు విడుపు దొరికిందో దానికి అర్థం కాదు. ఇంకా గట్టిగా లాగితే తల ఎత్తి వెనక్కి పోతుంది, భయం రెట్టింపవుతుంది.

రెండోది క్లిక్కర్ పద్ధతి. క్లిక్కర్ అంటే నొక్కితే టక్కుమనే చిన్న పరికరం. కర్ర చివరి బంతిని గుర్రం ముక్కుతో తాకగానే టక్కుమని శబ్దం, వెంటనే క్యారెట్ ముక్క. ఆ బంతిని రోజుకు కొంచెంగా ర్యాంపు దగ్గరికి, ర్యాంపు మీదికి, లోపలికి జరుపుతారు. గుర్రం తనంతట తానే వస్తుంది. చిక్కల్లా అది తిండి కోసం మన జేబులు వెతకడం, చేతులు కొరకడం. అందుకే తల పక్కకు తిప్పి నెమ్మదిగా నిలబడినప్పుడే తిండి పెట్టాలి.

వ్యాను అంటే బెదిరిన గుర్రానికి నేను రెండోదే ఎంచుకుంటాను. స్వారీకి మాత్రం మొదటిది రాక తప్పదు. కళ్లెం, కాలి ఒత్తిడి చెప్పేదంతా ఆ భాషలోనే. ఏదైనా సరే, చెవులు వెనక్కి వాలి, తోక విసురుతుంటే అక్కడే ఆపి ఒక మెట్టు వెనక్కి రావాలి.