ఫిబ్రవరిలో పులికాట్, నేలపట్టు: రెండు రోజుల పక్షుల యాత్ర

శనివారం సూళ్లూరుపేటలో రైలు దిగి, తీరిగ్గా టిఫిన్ చేసి, ఆటో మాట్లాడుకుని నేనూ మా బావమరిదీ శ్రీహరికోట రోడ్డెక్కేసరికి పదయింది. అక్కడే దెబ్బతిన్నాం. రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే వెళ్తుంది కాబట్టి ఆటోలో కూర్చునే పక్షుల్ని చూడొచ్చు, నిజమే. కానీ ఆ ఎండకి నీళ్ల మీద గాలి అల్లాడుతుంటే, బైనాక్యులర్స్‌లో ఫ్లెమింగోలు వణికే తెల్లగీతలా తోచాయి.

"నీళ్లింకా తగ్గలా సార్, అందుకే దూరంగా ఉండాయి" అన్నాడు ఆటో అతను. సరిగ్గానే చెప్పాడు. తల కిందికి వంచి, ముక్కుతో బురదనీళ్లు జల్లించుకుని తినే పక్షులవి. లోతు తక్కువున్న చోటే వాటికి అనువు.

సాయంత్రం దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాం. గంట చాలనుకున్నాం, చీకటి పడేదాకా కదల్లేదు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూళ్లే గూళ్లు. గూడబాతు (పెలికాన్) పిల్లలు తల్లంత ఎదిగినా, దాని ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు లాక్కుంటున్నాయి. తల్లిని మింగేస్తున్నాయేమో అనిపించింది. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు గుంపులుగా దిగుతుంటే కొమ్మల కోసం ఒకటే రభస. వాసన ఘాటే. ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకి మంచి ఎరువు. మా బావమరిది టోపీకీ కాస్త అందింది.

రాత్రి సూళ్లూరుపేటలోనే ఒక లాడ్జి. గది శుభ్రంగానే ఉంది, దోమలూ ఉన్నాయి. తెల్లవారుజామున ఐదున్నరకి కిందికొస్తే షట్టర్‌కి తాళం! కౌంటర్ కుర్రాణ్ణి లేపడానికి పావుగంట పట్టింది, ఈలోపు ఆటో వెళ్లిపోతుందేమోనని టెన్షన్. నెల్లూరులోనో తిరుపతిలోనో ఇంతకంటే మంచి గదులు దొరుకుతాయి, కానీ అక్కడుంటే తెల్లారేలోపు సరస్సు చేరాలంటే అర్ధరాత్రే లేవాలి. నా ఓటు ఈ లాడ్జికే, తాళం సంగతి రాత్రే తేల్చుకుంటే.

ఆరున్నరకి మళ్లీ అదే రోడ్డు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డాం. నిన్నటి తెల్లగీత ఈసారి పక్షులుగా విడిపోయింది. పెద్దవాటి గులాబీ కాళ్లు, ఇంకా రంగు రాని బూడిదరంగు పిల్లలు, ఎగిరినప్పుడు రెక్కల్లో ఎరుపూ నలుపూ. దగ్గర్లో సూదితోక బాతులు, పొడుగుకాళ్ల ఉల్లంకులు. ఎనిమిదిన్నరకల్లా మళ్లీ గాలి అల్లాడడం మొదలైంది.

వెళ్లేవాళ్లు మొదటిరోజు సాయంత్రం నేలపట్టుకి, మర్నాటి ఉదయం పులికాట్‌కి ఉంచుకోండి. ఆటో ముందురోజే మాట్లాడుకోండి, తాగే నీళ్లు వెంట తీసుకెళ్లండి. పులికాట్ రోడ్డు మీద బండ్లు వేగంగా వస్తాయి, బైనాక్యులర్స్ కంటికి పెట్టుకుని వెనక్కి అడుగు వేయకండి.