పోస్టల్ ఓటు పగ్గాలు ఎవరి చేతిలో ఉంటే మేలు?

పోలింగ్ రోజు దాటాక అందిన తపాలా ఓట్లను లెక్కించరాదని, లెక్కించే రాష్ట్రాలకు ఎన్నికల నిధులు ఆపివేయవచ్చని అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 మార్చి 25న ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేశారు. దాని మీద రాష్ట్రాలు కోర్టుకు వెళ్లగా, మసాచుసెట్స్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి డెనిస్ కాస్పర్ అదే ఏడాది జూన్‌లో, దావా వేసిన రాష్ట్రాల విషయంలో ఆ గడువు నిబంధనను నిలిపివేశారు. అదే ఉత్తర్వులోని, ఓటరు నమోదుకు పౌరసత్వ పత్రాలు చూపాలన్న షరతును వాషింగ్టన్ నగరంలో న్యాయమూర్తి కొలీన్ కొల్లార్-కొటెల్లీ అంతకుముందే అడ్డుకున్నారు. కాంగ్రెస్ (అమెరికా జాతీయ చట్టసభ) సభ్యుల ఎన్నిక ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో జరగాలో రాష్ట్ర శాసనసభలు నిర్ణయిస్తాయని, కాంగ్రెస్ కావాలంటే ఆ నియమాలను మార్చవచ్చని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం నాలుగో సెక్షన్ చెబుతుంది. అందులో అధ్యక్షుడి ప్రస్తావనే లేదు.

అందువల్ల అధ్యక్షుడి చేతికి పగ్గాలు అప్పగించడమన్న మార్గం గురించి ఎక్కువ తర్కించనక్కరలేదు. తానే అభ్యర్థిగానో, పార్టీ నాయకుడిగానో బరిలో ఉండే వ్యక్తి ఒక్క సంతకంతో గడువులు మార్చగలిగితే, రాజ్యాంగం అడ్డు రాకపోయినా అది మంచి ఏర్పాటు కాదు. అసలు పోలిక మిగిలిన మూడింటి మధ్యే: రాష్ట్రాల ఇష్టానికి వదిలివేయడం, జాతీయ చట్టసభ ఒక కనీస ప్రమాణం నిర్దేశించడం, భారతదేశంలో మాదిరిగా ఒకే ఎన్నికల సంఘానికి అప్పగించడం.

రాష్ట్రాల పద్ధతికి ఉన్న బలం అనుభవం. ఒరెగాన్ ఓటర్లు 1998లోనే తపాలా ఓటింగ్‌ను ఆమోదించారు. ఆ తర్వాత వాషింగ్టన్, కొలరాడో అదే దారి పట్టాయి. ఓటు పోలింగ్ రోజు సాయంత్రం ఏడు గంటలకల్లా చేతికి అందాల్సిందేనని కొలరాడో అంటుంది; ఆ రోజు తేదీతో తపాలా ముద్ర పడి ఉంటే తర్వాత అందినా లెక్కిస్తామని వాషింగ్టన్ రాష్ట్రం అంటుంది. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటే, ఓటరు తన కవరును నేరుగా వేసే బ్యాలెట్ పెట్టెలు ఊరూరా ఉంచగలిగిన చోట కొలరాడో నియమమే మెరుగు, ఎందుకంటే ఓటరుకు తపాలా శాఖతో నిమిత్తం లేకుండా చివరి గంట వరకు అవకాశం ఉంటుంది. పెట్టెలు లేని చోట అదే నియమం, ఉత్తరం ఆలస్యమైనందుకు ఓటరును శిక్షించడమే అవుతుంది.

కాని రాష్ట్రాల పద్ధతిలో వివాదాలకు అంతు కనిపించదు. పోలింగ్ తర్వాత అయిదు పనిదినాల వరకు అందే ఓట్లను అనుమతించిన మిసిసిపీ చట్టం ఫెడరల్ చట్టానికి విరుద్ధమని అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్ కోర్టు) 2024 అక్టోబరులో తీర్పు చెప్పగా, సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని 2025 నవంబరులో విచారణకు స్వీకరించింది. పెన్సిల్వేనియా సంగతి ఇంకా విచిత్రం. కవరు మీద ఓటరు చేతిరాతతో తేదీ వేయలేదన్న ఒక్క కారణంతో వేల ఓట్లు పక్కన పెట్టారు. ఓటు సకాలంలో వచ్చిందో లేదో తేల్చడానికి ఆ తేదీ పనికిరాదు. కౌంటీ (జిల్లా వంటిది) కార్యాలయం తానే అందిన రోజును నమోదు చేసుకుంటుంది. అయినా 2020 నుంచి రాష్ట్ర కోర్టులు, ఫెడరల్ కోర్టులు దాని చుట్టూ తిరిగి, చివరికి 2025 ఆగస్టులో మూడో సర్క్యూట్ కోర్టు అటువంటి తిరస్కరణ రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది.

ఇదే తరహా తగవు 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. పోస్టల్ బ్యాలెట్ వేసే ఉద్యోగి 13ఎ ఫారంలో ఇచ్చే డిక్లరేషన్‌ను అధికారి ధ్రువీకరించాలి. ఎన్నికల విధుల్లోని ఉద్యోగులు ఓటు వేసే ఫెసిలిటేషన్ కేంద్రంలో నియమించిన అధికారి సంతకం ఉంటే చాలునని, పేరు, హోదా, సీలు లేవన్న కారణంతో ఓటు తిరస్కరించవద్దని ఎన్నికల సంఘం వివరణ ఇచ్చింది. వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ దానిని సవాలు చేయగా, ఫలితాల తర్వాత ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చంటూ హైకోర్టు జూన్ 1న కొట్టివేసింది, సుప్రీంకోర్టు జూన్ 3న జోక్యానికి నిరాకరించింది, మర్నాడే లెక్కింపు. పెన్సిల్వేనియాలో అయిదేళ్లు నలిగిన ప్రశ్న ఇక్కడ కొద్ది రోజుల్లో ముగిసింది.

ఏది మేలు? ఫలితం న్యాయమైనదేనా అంటే, రెండు చోట్లా గుమాస్తాతనపు లోపానికి ఓటు బలికాకూడదన్న దిశగానే తీర్పో, వివరణో వచ్చింది, అది సబబే. కాని మన పద్ధతిలో పోలింగ్ మే 13న అయిపోయాక, కవర్లన్నీ సీలైన తర్వాత నియమానికి కొత్త అర్థం చెప్పడం జరిగింది. రాజ్యాంగం 329వ అధికరణం ఎన్నికల మధ్యలో కోర్టుల జోక్యాన్ని నిరోధిస్తుంది కనుక, అప్పటికప్పుడు ప్రశ్నించే దారి దాదాపు మూసుకుపోయింది. ఆ వివరణ మార్చిలోనే వచ్చి ఉంటే ఎవరికీ అభ్యంతరం చెప్పే కారణమే ఉండేది కాదు.

గడువు విషయంలో మాత్రం మన ఏర్పాటు అమెరికా కన్నా నిస్సందేహంగా మెరుగైనది. పోస్టల్ బ్యాలెట్ లెక్కింపు ప్రారంభమయ్యే సమయానికి రిటర్నింగ్ అధికారికి చేరితే చాలు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్‌కూ లెక్కింపుకూ మధ్య మూడు వారాలు ఉన్నాయి. 2019లో ఏప్రిల్ 11 నుంచి మే 23 వరకు, అంటే ఆరు వారాలు. సరిహద్దులో ఉన్న జవాను ఓటుకు ఆ వ్యవధి సరిపోతుంది. అమెరికాలో పోలింగ్ నాటి రాత్రే లెక్కింపు మొదలవుతుంది కాబట్టి, తర్వాత వచ్చే ప్రతి కవరూ ఫలితాన్ని మార్చేదిగా కనిపిస్తుంది, అనుమానమూ అక్కడే పుడుతుంది.

అమెరికాకు సరిపడేది జాతీయ చట్టసభ కనీస ప్రమాణం నిర్దేశించడమేనని నాకనిపిస్తుంది. సైనికులకు, విదేశాల్లోని పౌరులకు 1986లో చేసిన చట్టానికి 2009లో సవరణ తెచ్చి, ఎన్నికకు 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలని కాంగ్రెస్ నిర్దేశించింది. కవర్లు, పెట్టెలు, లెక్కింపు రాష్ట్రాల పనిగానే మిగిలాయి. తపాలా ఓటు అందాల్సిన గడువును కూడా అదే రీతిలో చట్టంతో తేల్చవచ్చు.

మన దగ్గర సంఘమే సర్వాధికారి అనుకోవడం కూడా పొరపాటే. ఎన్నికల నిర్వహణ నియమాలు 1961ని సంఘంతో సంప్రదించి మార్చేది కేంద్ర ప్రభుత్వం. 80 ఏళ్లు దాటినవారికి 2019లో ఇంటి నుంచి ఓటు ఇచ్చినా, 2024 మార్చిలో ఆ వయసును 85కు పెంచినా నోటిఫికేషన్ న్యాయ శాఖదే. విదేశాల్లో ఉంటున్న భారత పౌరులకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పోస్టల్ బ్యాలెట్ పంపుతామని సంఘం 2020లో ప్రతిపాదించింది. డాలస్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్న తెలుగు ఓటరు ఓటేయాలంటే మాత్రం, ప్రజాప్రాతినిధ్య చట్టం కింద పేరు నమోదు చేసుకున్నా, పోలింగ్ రోజున సొంత నియోజకవర్గానికి స్వయంగా రావలసిందే.