"రేసుకు సిద్ధం" అంటూ అమ్మే పాత మియాటాలతో జాగ్రత్త

టెక్సస్‌లో ఉంటూ సరదాగా కార్ రేసింగ్‌లోకి దిగాలనుకునే మనవాళ్లకు ఈ హెచ్చరిక. "స్పెక్ మియాటా, రేసుకు సిద్ధం, ఎక్కి నడుపుకోవడమే" అన్న ప్రకటన కనబడితే తొందరపడి డబ్బు పంపకండి. డాలస్ దగ్గర ఒక గ్యారేజీలో నేను కొన్న 1999 మోడల్ కారు మొదటి తనిఖీలోనే ఆగిపోయింది.

తెలియనివారి కోసం ఒక మాట. 1990 నుంచి 2005 వరకు వచ్చిన రెండు తరాల మాజ్దా మియాటాలకు ఒకే రకం సస్పెన్షన్, ఒకే రకం టైర్లు బిగించి పోటీ పెట్టే రేసు తరగతే స్పెక్ మియాటా. డబ్బు కుమ్మరించేవాడికన్నా నడపడం వచ్చినవాడు గెలవాలన్నది ఉద్దేశం. కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి ఆరంభం లేదని ఇప్పటికీ చెబుతాను.

1944లో పుట్టిన ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నడిపే రేసుల్లో ప్రతి కారుకూ ఒక లాగ్‌బుక్ ఉంటుంది. కారుకు ఇచ్చిన నంబరు రోల్ కేజ్ (కారు పల్టీ కొడితే డ్రైవరును కాపాడే ఇనుప గొట్టాల చట్రం) మీద కూడా ఉండాలి. తనిఖీలో కనబడిన లోపాలు, ట్రాక్ మీద జరిగిన గుద్దుళ్లు ఆ పుస్తకంలోకి ఎక్కుతాయి. కొనేముందు దాని ఫొటోలు అడిగాను, పంపారు. ఒక్క ప్రమాదం కూడా నమోదు కాలేదు. తీరా తనిఖీ అధికారి మెయిన్ హూప్ (కేజ్‌లో డ్రైవరు వెనక ఉండే పెద్ద వంపు గొట్టం) మీద మందంగా పూసిన నల్లరంగును బ్లేడుతో గీకి, టార్చి వేసి చూస్తే, అక్కడున్న నంబరు వేరు! పుస్తకం ఇంకేదో కారుది.

అంతటితో ఆగలేదు. కేజ్ గొట్టాల మందం కొలవడానికి వాటికి 3/16 అంగుళాల చిన్న రంధ్రం ఉండాలని నిబంధన. ఈ కారులో దాన్ని లప్పంతో పూడ్చి పైన రంగు వేశారు. లప్పం తీసి కొలిస్తే గొట్టం ఉండాల్సినదానికన్నా పలచన. డ్రైవరును సీటుకు కట్టిపడేసే హార్నెస్ బెల్టుల మీది ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ) లేబుల్‌ను భుజం ప్యాడ్ లోపలికి మడిచి దాచారు; దాని మీద అచ్చయిన గడువు ఎప్పుడో దాటిపోయింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. కేజ్ కోసి కొత్తది కట్టించడానికి చెప్పిన అంచనా కారు ధరలో సగం పైమాటే.

అమ్మినవారిని అడిగితే "ఉన్నది ఉన్నట్టుగా అని బిల్లులో రాశాం కదా" అన్నారు. తర్వాత ఫోను ఎత్తడం మానేశారు.

కాబట్టి లాగ్‌బుక్ మొదటి పేజీని కేజ్ మీది నంబరు పక్కనే పట్టుకుని తీసిన ఒకే ఫొటో అడగండి. రెండూ విడివిడిగా పంపితే నమ్మవద్దు. వీలైతే మీ ప్రాంతంలోని తనిఖీ అధికారికి డబ్బు కట్టకముందే కారు చూపించండి. నేను కలిసినవారంతా సంతోషంగా సాయం చేసేవాళ్లే. ముందు చక్రాల హబ్‌లు అరిగి ఉంటాయని ముందే అనుకుని బేరమాడండి. ఈ కార్లలో అవి తరచూ మార్చుకోవాల్సినవే, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. అసలు మొదటి రేసింగ్ స్కూలుకు కారు అద్దెకు తీసుకోవడం మేలు. లెక్క వేస్తే ఖరీదుగా కనిపిస్తుంది కానీ, నా బిల్లు చూశాక ఎవరూ ఆ మాట అనరు.

హెల్మెట్ సంగతి కూడా చూసుకోండి. మోటార్‌సైకిల్ హెల్మెట్‌కు ఉండే స్నెల్ (హెల్మెట్లను పరీక్షించే సంస్థ) 'ఎం' లేబుల్ ఇక్కడ పనికిరాదు, 'ఎస్ఏ' కావాలి. నిప్పంటుకుంటే తట్టుకుంటుందా అన్న పరీక్ష దానికే ఉంటుంది.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం: అదే లాగ్‌బుక్ పేజీల ఫొటోలు ఈమధ్య ఒక నీలం మియాటా ప్రకటనలో మళ్లీ కనబడ్డాయి. అసలు పుస్తకం నా బీరువాలో ఉంది. మీకు వచ్చిన ఫొటోల్లో మూడో పేజీ అడుగున, సంతకం మీదుగా కాఫీ మరక ఉంటే ఆ బేరం వదిలేయండి.