మాట ఒకవైపు, ఓటు ఒకవైపు: 2013 షట్‌డౌన్‌లో టెడ్ క్రూజ్

2013 సెప్టెంబరు 24 మధ్యాహ్నం టెక్సాస్ సెనేటర్ టెడ్ క్రూజ్ సభలో మాట్లాడటానికి లేచారు. మర్నాడు మధ్యాహ్నం దాకా కూర్చోలేదు. మొత్తం 21 గంటల పైచిలుకు. ఒబామాకేర్‌కు, అంటే ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టానికి, నిధులు ఆపాలన్నది ఆయన పట్టు. రాత్రయ్యాక, టీవీలో చూస్తున్న తన కూతుళ్ల కోసం నిద్రవేళ చెప్పే పిల్లల కథ కూడా చదివారు. జనానికి గుర్తుండిపోయింది ఇదే.

ఓట్ల రికార్డు చూస్తే బొమ్మ మారుతుంది. ప్రసంగం ముగిసిన కాసేపటికే ప్రభుత్వానికి నిధులిచ్చే బిల్లును చర్చకు తీసుకునే ఓటింగు 100–0. ఆయన కూడా అవుననే అన్నారు! అసలు పరీక్ష 27న. చర్చ ముగించి ఆ బిల్లును ఓటుకు తెచ్చే తీర్మానం 79–19తో నెగ్గింది, ఆయన వద్దన్నారు. నిధుల బిల్లు గట్టెక్కక అక్టోబరు 1న ప్రభుత్వం మూతపడింది, అదే షట్‌డౌన్. 16న దాన్ని మళ్లీ తెరిచే బిల్లుకు 81–18. అప్పుడూ ఆయనది వ్యతిరేక ఓటే.

2018 జనవరిలో మరో షట్‌డౌన్ వచ్చినప్పుడు, తాను వీటికి ఎప్పుడూ వ్యతిరేకమేనని విలేకరులతో చెప్పారు. అందులో కొంత నిజం లేకపోలేదు: ఒబామాకేర్‌ను పక్కనపెట్టి మిగతా ప్రభుత్వానికి నిధులిచ్చే హౌస్ (ప్రతినిధుల సభ) బిల్లులను ఆయన సమర్థించారు. అయినా, ప్రభుత్వాన్ని తెరిపించే బిల్లు ఎదుట ఉన్నప్పుడు వేసిన ఓటే నాకు లెక్క. ఆ 16 రోజులూ లేబర్ శాఖలో హెచ్‌-1బీ ఉద్యోగ వీసాకు కావాల్సిన ఎల్‌సీఏల (జీతం, పని వివరాలతో కంపెనీ పెట్టే దరఖాస్తుల) పని ఆగిపోయింది. ఉద్యోగం మారాలనుకున్న మనవాళ్ల కాగితాలూ అక్కడే నిలిచిపోయాయి.