దెయ్యం కాళ్లు పొయ్యిలో పెడితే ఎక్కడ చూడాలి: ఫోన్లోనా, మాల్లోనా, విజయవాడ గాంధీనగర్‌లోనా?

పొయ్యిలో కట్టెలు అయిపోయాయి. దెయ్యం ఏమాత్రం కంగారు పడదు. తన రెండు కాళ్లూ పొయ్యిలోకి తోసి వంట కానిస్తుంది. మాయలూ మంత్రాల సినిమాల దర్శకుడు విఠలాచార్య తీసిన సినిమాలోని ఈ ముక్క ఆ మధ్య మా అన్నయ్య కొడుకు ఫోన్లోకి వచ్చింది. వాడు ఒక్కసారి ‘హ’ అని వేలితో పైకి తోసేశాడు. అదే ముక్కను నేను చిన్నప్పుడు తెర మీద చూసినప్పుడు హాలంతా ముందు కెవ్వుమంది, వెంటనే గొల్లుమంది. ఆ కెవ్వుకీ ఆ గొల్లుకీ మధ్య ఉన్న అర సెకను కోసమే ఇప్పటికీ పాత సినిమా వేశారంటే చెప్పులేసుకుంటాను.

“ఊరికే దొరికేదానికి టికెట్టెందుకు బాబాయ్?” అన్నాడు వాడు. న్యాయమైన ప్రశ్నే. రీరిలీజుల పుణ్యమా అని మా విజయవాడలో ఇప్పుడు మూడు నాలుగు దారులున్నాయి కాబట్టి, అన్నీ తిరిగొచ్చిన వాడిగా చెబుతున్నాను.

ముందు ఒక మాట. నేను మాట్లాడేది క్లాసిక్కుల గురించి కాదు. ‘మాయాబజార్’ ఎక్కడ చూసినా ‘మాయాబజారే’. 2010లో హాల్లో ఆడక, టీవీలో జనం నెత్తిన పెట్టుకుని, 2025 మేలో మళ్లీ హాలుకొచ్చిన ‘ఖలేజా’ లాంటివి కూడా కాదు. దాన్ని జనం ఆలస్యంగా మెచ్చుకున్నారు, అంతే. నేననేది ‘అతి’ సినిమాలు. అట్టముక్కల కోట, దూదిగడ్డం మాంత్రికుడు, ఎగిరే మంచం, గుర్రాలెక్కి తోలు టోపీలు పెట్టుకుని తెలుగులో తిట్టుకునే కౌబాయ్‌లు. తీసినవాళ్లు మనల్ని నవ్వించాలని కాదు, నోరు తెరిపించాలని తీశారు. కొన్నిచోట్ల నోరు తెరుస్తాం, కొన్నిచోట్ల నవ్వుతాం, చాలాచోట్ల రెండూ ఒకేసారి చేస్తాం.

ఇల్లు, ఫోను సంగతి తొందరగా తేల్చేస్తాను. ఖర్చు లేదు, పాటలు దాటేయొచ్చు. కానీ ఒక్కణ్ణే కూర్చుని చూస్తే నాకు తప్పులే కనిపిస్తాయి: వేలాడే తీగ, అస్థిపంజరం బట్టకు కుట్లు, సగంలో మారిపోయే నీడ. ఇరవై నిమిషాలయ్యేసరికి నేను ప్రేక్షకుణ్ణి కాదు, పేపర్లు దిద్దే మాస్టారిని. హాల్లోనూ ఆ తీగ కనిపిస్తుంది. కాకపోతే ఎవడో వెనక నుంచి “తీగ తెగుద్ది జాగ్రత్త!” అని అరుస్తాడు, ఆ తీగ కూడా సినిమాలో భాగమైపోతుంది.

మాల్లో మల్టీప్లెక్స్ మా అమ్మ లాంటివాళ్లకు మేలు. లిఫ్టు ఉంది, మెట్ల బాధ లేదు, బాత్రూములు శుభ్రం. ధ్వని కూడా బాగుంటుంది, అదే చిక్కు. పాత సినిమాలో అందరూ గొంతు చించుకుని మాట్లాడతారు. ఇక్కడ ఆ మాటలు చెవి పక్కనే పేలతాయి. పైగా ఒకసారి మాంత్రికుడు కళ్లెర్ర చేయగానే నేను పగలబడి నవ్వితే ముందు వరసాయన వెనక్కి తిరిగి చూశాడు. సినిమాలో మాంత్రికుడి చూపు కంటే ఆ చూపుకే ఎక్కువ భయపడ్డాను. పాప్‌కార్న్ ధర గురించి అందరూ రాశారు, నేను వదిలేస్తున్నాను.

ఇక గాంధీనగర్ పాత సినిమా హాళ్లు. 1921లోనే మారుతీ టాకీస్ కట్టుకున్న ఊరు మాది. సినిమా పంపిణీ ఆఫీసులన్నీ ఒకప్పుడు ఈ గాంధీనగర్ చుట్టూనే. హాలు పేరే సెంటరు పేరైపోవడం ఇక్కడ మామూలు. మాకు అలంకార్ సెంటరుంటే గుంటూరు వాళ్లకు నాజ్ సెంటరుంది. ఈ హాళ్లలో పాత సినిమా ఒక్కరోజు వేయడం ఇప్పుడెందుకు కుదురుతోందంటే, ప్రింటు ఖర్చు లేదు గనక. రీళ్ల రోజుల్లో ప్రింటు తీయించాలి, పెట్టెలు మోయించాలి, ఒక్క ఆటకు ఎవరు చేస్తారు? ఇప్పుడు ఫైలు వస్తుంది, ఆట అయ్యాక పోతుంది.

ఇలాంటి సింగిల్ స్క్రీన్, అంటే ఒకే తెర ఉన్న హాలు, అనగానే అందరూ మొదటిరోజు ఫ్యాన్స్ షో గురించే చెబుతారు. 2022 ఆగస్టు 9న ‘పోకిరి’ స్పెషల్ షోలతో ఊపందుకున్న సంబరం అది. డప్పులు, చింపిన కాగితాలు, సీట్లెక్కి గంతులు. అమెరికాలో ‘రాకీ హారర్ పిక్చర్ షో’ అని 1975 సినిమా ఒకటుంది. మొదట ఆడలేదు, 1976లో న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలు మొదలయ్యాక ఇక ఆగలేదు. తెర మీద పెళ్లయితే జనం బియ్యం చల్లుతారట, వాన పడితే నెత్తిన న్యూస్‌పేపరు పెట్టుకుంటారట. అది చదివి నేనేమీ ఆశ్చర్యపోలేదు. అక్షింతలు వేయడం మనకు ఒకరు నేర్పాలా? హీరో దిగితే చిల్లర డబ్బులు విసిరిన చేతులివి.

అయినా ‘అతి’ సినిమాకు ఫ్యాన్స్ షో వద్దంటాను. నాతో చాలామంది ఒప్పుకోరని తెలుసు. కృష్ణ కౌబాయ్ సినిమా ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) ఆయన పుట్టినరోజని 2023 మే 31న 4కెలో, అంటే బొమ్మ బాగా స్పష్టంగా ఉండే డిజిటల్ కాపీలో, మళ్లీ వచ్చినప్పుడు ఒక హాల్లో మొదటి ఆటకే దూరాను. టోపీ కనిపించింది, తుపాకీ కనిపించింది, డైలాగు ఒక్కటీ వినపడలేదు. ఆ సినిమా మజా అంతా ఆ గంభీరమైన డైలాగుల్లోనే ఉంది. రాజస్థాన్ ఎడారిలో నిలబడి అచ్చ తెలుగులో సవాలు విసిరితే ఆ మాట చెవిన పడాలి, అప్పుడు ఈల వేయాలి. ఫ్యాన్స్ ఈల హీరోకి. అది వాళ్ల హక్కు, కాదనను.

అందుకే నా ఓటు అదే హాలుకు, మర్నాటి మ్యాట్నీకి. సగం నిండిన హాలు, అరవై దాటిన పెద్దాయనలు నలుగురు, కాలేజీ ఎగ్గొట్టిన పిల్లలు ఒక వరస. పెద్దాయన డైలాగు తెర కంటే ముందే చెప్పేస్తాడు. పిల్లలు ముందు ఆయన్ను చూసి నవ్వుతారు. ఇంటర్వెల్‌లో సమోసా తింటూ “తర్వాత ఏమవుద్ది తాతా?” అని ఆయన్నే అడుగుతారు. విఠలాచార్య సినిమా అయితే ఆయన దగ్గర సరంజామా ఎక్కువ: డేట్లివ్వకుండా సతాయించిన నటుణ్ణి శాపం పెట్టి చిలకనో మేకనో చేసి, కథ ముందుకు నడిపేవాడని చెప్పుకుంటారే, ఆ కథ తప్పకుండా వస్తుంది. నిజమో కాదో ఎవరికి కావాలి, ఆ తర్వాత తెర మీద మేక కనిపిస్తే చాలు, వరసంతా పడిపడి నవ్వుతుంది.

4కె గురించి కూడా అడుగుతుంటారు. కౌబాయ్‌కి మంచిదే. ఎడారి దుమ్ము, గుర్రాల చెమట బాగా తేలతాయి. విఠలాచార్య తీసిన 1978 నాటి ‘జగన్మోహిని’ లాంటివాటిని మాత్రం మరీ కడిగి ఆరేయకండి. కెమెరా ఆపి మనిషిని మాయం చేయడం, ఒకే ఫిల్ముపై రెండుసార్లు తీయడం లాంటి కిటుకులు అవి. గీతలు పడిన మసక ప్రింటులో ఆ అతుకులు దాక్కునేవి. మా అన్నయ్య కొడుకు మాత్రం అతుకులు కనిపిస్తేనే బాగుందన్నాడు. వాడి వయసుకు ఆ కిటుకే మాయ కాబోలు.

మర్నాటి మ్యాట్నీతో ఒక్కటే ఇబ్బంది. జనం మరీ పలచగా ఉంటే ఆట ఎత్తేస్తారు. మొన్నోసారి మేమిద్దరం ఎండలో వెళ్లి అలాగే వెనక్కొచ్చాం. బండి స్టాండులో పెట్టకముందే కౌంటర్‌లో అడగండి.