వేగాస్‌లో బయటికి దారి ఎటు?

అమ్మానాన్నలతో లాస్ వేగాస్‌లో మూడు రాత్రులు ఉన్నాం. కాసినో హోటళ్లు వరసగా ఉండే పెద్ద రోడ్డుని స్ట్రిప్ అంటారు. దాని మీద మేం దిగిన హోటల్ పేరు చెప్పను. గది చవకే. గది అద్దె కాక రోజూ తప్పక కట్టాల్సిన రిసార్ట్ ఫీజు కలిపాక చవక ఎగిరిపోయింది.

లిఫ్ట్ దిగితే కాసినోనే. టిఫిన్‌కి వెళ్లాలన్నా ఆ సిగరెట్ పొగలోంచే పోవాలి. గోడ గడియారం లేదు, కిటికీ లేదు, దారేమో వంకర్లు. వాకింగ్‌కని బయల్దేరిన నాన్న పావుగంటకి మళ్లీ లిఫ్ట్ దగ్గరే తేలారు. "పద్మవ్యూహంరా ఇది" అన్నారు.

అమ్మ సరదాపడి స్లాట్ మెషీన్‌లో 20 డాలర్ల నోటు పెట్టింది. ఒక్కో ఆటకి డాలరున్నర. కాసేపటికి లైట్లు, గంటల మోత. "ఒరేయ్, వచ్చిందిరా!" తీరా చూస్తే వచ్చింది 60 సెంట్లు. అంటే 90 సెంట్లు పోయినందుకు ఆ సంబరం! ఇంకోసారి రెండు 7 అంకెలు వరసగా పడి, మూడో 7 గీతకి కాస్త పైన ఆగింది. "కొంచెంలో తప్పింది" అని మళ్లీ నొక్కింది. బటన్ నొక్కినప్పుడే లోపలి ప్రోగ్రాం ఫలితం తేల్చేస్తుంది, తిరిగే బొమ్మలు మనల్ని ఊరించడానికే అని చెప్పినా వినలేదు. నోటు హరీ.

బెల్లాజియో అనే ఇంకో కాసినో హోటల్ పద్ధతి వేరు. ఎత్తయిన కప్పులు, వెలుతురు, లాబీ పైన గాజు పూలు, నిజం పూలతో తోట. ఊపిరాడనివ్వకుండా కాదు, హాయిగా కూర్చోబెట్టి ఆడిస్తారు. ఫౌంటెన్లకీ తోటకీ టికెట్ లేదు, తప్పక చూడండి. వెనీషియన్ హోటల్లో కాలువ పక్క షాపుల పైకప్పంతా ఆకాశం బొమ్మే. "ఇంకా చీకటి పడలేదుగా" అంది అమ్మ. ఫోన్‌లో రాత్రి 9:40.

రూలెట్ (అంకెల చక్రం తిప్పి, బంతి ఎక్కడ ఆగుతుందో పందెం కాసే ఆట) ఆడేవాళ్లు ముందు చక్రం మీద సున్నాలు లెక్కపెట్టండి. ఒకే సున్నా ఉంటే పందెం డబ్బులో సగటున కాసినోకి మిగిలే వాటా 2.7 శాతం, మూడుంటే 7.69. స్ట్రిప్ మీద మూడు సున్నాల బల్లలు కూడా ఉన్నాయి, జాగ్రత్త.

పెద్దవాళ్లతో వెళ్తే కాసినో లేని హోటల్ చూసుకోండి. బెల్లాజియో వెనకే వ్దారా ఉంది, అందులో పొగ కూడా నిషేధం. మళ్లీ వెళ్తే మేం దిగేది అక్కడే.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గరా స్లాట్ మెషీన్లే. నాన్న ఏమీ అనకుండా అమ్మ హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు.